ఫోన్ ఎత్తని రాజర్షులు

ఫోన్ ఎత్తనివాళ్ళని తిట్టకండి. వాళ్ళు మహానుభావులు!

అవునండీ, నేనే అంటున్నాను. అంబులెన్సు కూత వినబడితే ముందు ఇంట్లోవాళ్ళని ఒకసారి లెక్కపెట్టుకునే మనిషిని, గాలికి తలుపు కొట్టుకుంటే గోడ పడిందనుకునే మనిషిని, పదో తరగతి గట్టెక్కడానికి రెండుసార్లు కూర్చున్న మనిషిని. నా మాటకేం విలువ అంటారా? అదీ నిజమే. అయినా చెబుతాను, వినండి.

పూర్వం రాజర్షులని ఉండేవారట. రాజ్యం ఏలుతూనే రాజ్యం అంటకుండా బతికిన రాజులు. కిరీటం నెత్తిమీద, మనసు ఎక్కడో మబ్బుల పైన. యుద్ధం వచ్చినా అదే ముఖం, విందు జరిగినా అదే ముఖం. అలాంటివాళ్ళు ఇప్పుడెక్కడున్నారని పెద్దలు నిట్టూరుస్తుంటారు. అనవసరంగా నిట్టూరుస్తున్నారు! లేకపోవడమేమిటి? ఇంటికి ఇద్దరు ముగ్గురు చొప్పున ఉన్నారు. నమ్మకం కుదరకపోతే ఇప్పుడే మీవాళ్ళలో ఎవరికైనా ఫోన్ చేసి చూడండి.

ఎత్తారా?

ఎత్తరు. పనిలో ఉండి ఎత్తలేదనుకుంటున్నారా? అది మన అజ్ఞానం. ఫోన్ చేతిలోనే ఉంటుంది. మోగుతుంది, వెలుగుతుంది, వణుకుతుంది. తెర మీద "అమ్మ" అని అక్షరాలు కూడా పడతాయి. అయినా వాళ్ళ ముఖంలో ఒక్క గీత కదలదు. అమ్మను మించిన బంధం లోకంలో ఏముంది? ఆ బంధం అరచేతిలో అంతలా గింజుకుంటున్నా చలించని మనిషిని రాజర్షి అనక ఏమంటారు?

మా ఇంటి రాజర్షితోనే మొదలుపెడతాను. మా ఆయనది తాళంచెవులు చేసే షాపు. ఊళ్ళో ఎవరి తలుపైనా తెరుస్తారు, తన నోరు మాత్రం తెరవరు. తాళంచెవి లోపల మర్చిపోయి తలుపేసుకున్నవాళ్ళు, పొయ్యి మీద పాలు పెట్టి బయట చిక్కుకుపోయినవాళ్ళు ఆయనకి ఫోన్లు చేస్తూనే ఉంటారు. ఆయన మిషను మీద తాళంచెవి అరగదీస్తూ ఫోన్ వంక చూసి, "మోగుతోంది" అంటారు. అంతే!

"ఎత్తొచ్చు కదండీ!" అంటాను.

"ఎత్తితే మాట్లాడాలి కదే" అంటారు.

ఇంత చిన్న వాక్యంలో ఇంత వేదాంతం మీరెక్కడైనా విన్నారా?

ఇక మా తమ్ముడు. వాడి ఫోన్ ఏడాదిగా సైలెంట్‌లో ఉంది. అడిగితే, "సౌండ్ ఎక్కడ పెట్టాలో దొరకట్లేదక్కా" అంటాడు. వాడు చేసే పని ఏమిటనుకున్నారు? సెల్‌ఫోన్ రిపేరు! ఊరందరి ఫోన్లూ మోగేలా చేసి, తనది మాత్రం మౌనంలో ఉంచుకున్నాడు. ఇది త్యాగమా కాదా మీరే చెప్పండి.

మా వాషింగ్ మిషను కంపెనీవాళ్ళు వీళ్ళందరినీ మించిపోయారు. ఫోన్ చేయగానే ఒకమ్మాయి గొంతు, "మీ కాల్ మాకెంతో ముఖ్యం" అంటుంది. ఆ తర్వాత సంగీతం. కాసేపటికి మళ్ళీ ముఖ్యం. మళ్ళీ సంగీతం. ముఖ్యమంటూనే పట్టించుకోకపోవడం! ఉన్నామంటూనే లేకపోవడం! మిషను నిండా నీళ్ళు, నీళ్ళల్లో బట్టలు, చెవిలో వీణ. ఆ వీణ వింటూ నేను ఒక మధ్యాహ్నమంతా బతికాను. జీవితం ఎంత అశాశ్వతమో అప్పుడే తెలిసింది. మిషను గ్యారంటీ కూడా అంతే అశాశ్వతమని మర్నాడు తెలిసింది.

మరి నేనో? నేను మొదటి రింగుకే ఎత్తేస్తాను. ఒక్కోసారి రింగు రాకముందే ఎత్తేస్తాను. ఎవరైనా నా ఫోన్ ఎత్తకపోతే నా బుర్ర ఇలా పని చేస్తుంది. మొదటి రింగు: స్నానానికి వెళ్ళుంటారు. రెండో రింగు: స్నానాలగదిలో జారిపడ్డారు. మూడో రింగు: లోపల గడియ పెట్టి ఉంది, పగలగొట్టడానికి ఎవరూ లేరు. నాలుగో రింగు: తాళాలవాడికి ఫోన్ చేశారు. అక్కడితో నాకు చెమటలు పట్టేస్తాయి. ఎందుకంటే ఆ తాళాలవాడు మా ఆయన. ఆయన ఎత్తరు!

డాక్టరు నా బీపీ చూసి, "ఆలోచనలు తగ్గించండమ్మా" అన్నారు. ఏ ఆలోచన తగ్గించాలో చెప్పలేదు. అన్నీ అవసరమైనవే! ఏది తీసేసినా దాని కింద ఉన్న మనిషి పడిపోతారేమోనని నా భయం. అది చూసి మా వదిన జాలిపడి, ఫోన్లో ఒక ప్రవచనం పంపించింది. రాజర్షుల మీద. "గిన్నెలు తోముకుంటూ విను, మనసు కుదుటపడుతుంది" అంది. ఇంత మంచిమాట కూడా మెసేజ్‌లోనే అంది. నేను ఫోన్ చేస్తే ఎత్తలేదు.

విన్నాను. మొదట జనక మహారాజు కథ. ఆయన ఒక కుర్ర మునికి అంచుదాకా నూనె పోసిన గిన్నె ఇచ్చి, చుక్క ఒలక్కుండా నగరమంతా తిరిగి రమ్మన్నాడట. వీధుల్లో ఆటలు, పాటలు, సందడి. కుర్రాడు తిరిగొచ్చాడు. చుక్క ఒలకలేదు. "ఏం చూశావు నాయనా?" అంటే, "గిన్నె తప్ప ఏమీ చూడలేదు" అన్నాడట. సంసారంలో ఇలా ఉండాలని ప్రవచనకారుడు గంభీరంగా చెప్పాడు. బాగానే ఉంది. ఏమీ చూడకుండా రోడ్డు ఎలా దాటాడని ఎవరూ అడగలేదేమిటి? వెనక రథం వస్తే? నూనెతో జారితే?

తర్వాత ఒక రాజు. శిఖిధ్వజుడట. ఆ పేరు తడబడకుండా పలకడానికే సగం వైరాగ్యం కావాలి! జ్ఞానం కోసం రాజ్యం వదిలి అడవికెళ్ళి కళ్ళు మూసుకున్నాడు. ఆయన కళ్ళు మూసుకున్న అన్నేళ్ళూ ఆయన రాణి, చూడాల అని ఆవిడ పేరు, రాజ్యం నడిపింది. పన్నులు, పంటలు, తగాదాలు అన్నీ ఆవిడే చూసుకుంది. ఆవిడకి జ్ఞానం ముందే వచ్చేసిందట కూడా! కానీ వచ్చినా ఇంట్లోనే ఉంది. ఈ ముక్క ప్రవచనకారుడు గబగబా చెప్పేసి, రాజుగారి గడ్డం ఎంత పెరిగిందో మాత్రం తీరిగ్గా వర్ణించాడు.

మూడోది భరతుడి కథ. అది విని గిన్నె పట్టుకుని ఏడ్చాను. అంత రాజ్యం తృణప్రాయంగా వదిలేసిన మనిషి, తల్లి లేని జింకపిల్లని పెంచుకున్నాడు. మేతకెళ్ళిన పిల్ల సాయంత్రమైనా రాకపోతే, ఏ పులైనా ఎత్తుకుపోయిందేమో, దారి తప్పిందేమో అని గుమ్మంలో నిలబడి దిగులుపడ్డాడు. రాజర్షులందరిలో నాకు తెలిసిన ముఖం అదొక్కటే! ఏం లాభం? పోయేటప్పుడు కూడా దాన్నే తలుచుకున్నాడని మరుజన్మలో జింకై పుట్టాడట. ఆ లెక్కన నేను మరుజన్మలో క్రేనై పుడతాను.

క్రేన్ ఏమిటంటారా? మా అమ్మాయి పని అదే. పెద్ద పెద్ద బిల్డింగులు కట్టేచోట ఆకాశంలోకి లేచి ఉంటుందే, ఆ టవర్ క్రేన్ నడుపుతుంది. చిన్నప్పుడు అలమరలెక్కి పైన కూర్చునేది కాబట్టి ఇంట్లో దాన్ని ఉడత అంటాం. అప్పుడే కాలు విరిగి ఉంటే బుద్ధొచ్చేదేమోనని ఒకోసారి అనుకుంటాను. అనుకోగానే చెంపలేసుకుంటాను.

ఉడత ట్రైనింగ్ పూర్తయింది. మిగిలింది ఒక్క పరీక్ష. బయటినుంచి పరీక్షాధికారి వస్తాడు, దాని పని కళ్ళారా చూస్తాడు. పాసైతే క్రేన్ దాని చేతికిస్తారు. తప్పితే మళ్ళీ కింద నిలబడి, ఎవరో నడిపే క్రేన్‌కి కొక్కేలు తగిలించుకుంటూ ఇంకో ఏడాది. ఉడత ఆ ఏడాది గురించి తలచుకోవడానికి కూడా ఇష్టపడలేదు. నేను మాత్రం తప్పితేనే మేలని లోలోపల కొంచెం కోరుకున్నాను. కింద ఉంటే నేల మీద ఉంటుంది కదా! ఎవరికీ చెప్పకండి.

పరీక్ష రోజు పొద్దున బూట్లు వేసుకుంటూ ఉడత నాకు జాగ్రత్తలు చెప్పింది.

"అమ్మా, ఫోన్ కింద లాకర్లో పెట్టాలి. క్యాబిన్‌లోకి తీసుకెళ్ళకూడదు. నువ్వు చేస్తే లాకరు మోగుతుంది. నేను కాదు. అర్థమైందా?"

"అర్థమైంది."

"సైటుకి రాకూడదు."

"నేనెందుకొస్తానే?"

"వస్తావు కాబట్టే చెప్తున్నా. ఒట్టెయ్యి."

"ఒట్టు."

"దేనిమీద?"

"మీ నాన్న మీద."

"అమ్మా!"

"సరే, వాషింగ్ మిషను మీద."

మా ఆయన టీ తాగుతూ అదంతా విన్నారు. "పాడైపోయినదాని మీద ఒట్టేసింది, చూసుకో" అని కూతురికి చెప్పి షాపుకి వెళ్ళిపోయారు. నెలకోసారి నోరు తెరిచినా ఆ తెరిచేది నాకు వ్యతిరేకంగానే తెరుస్తారు.

ఆ పొద్దున నేను కూడా రాజర్షినైపోదామని నిశ్చయించుకున్నాను. నిజం! ఫోన్ తీసుకెళ్ళి పప్పుల డబ్బా వెనక పెట్టాను. కళ్ళు మూసుకుని నూనె గిన్నెని తలుచుకున్నాను. గిన్నె బాగానే కనిపించింది. కాసేపటికి గిన్నె కింద తాడు కనిపించింది. తాడు పైన కొక్కెం కనిపించింది. కళ్ళు తెరిచాను.

అప్పుడే గాలి మొదలైంది.

బాల్కనీలో దండెం మీద మా ఆయన చొక్కా రెండు చేతులూ ఆడిస్తూ కొట్టుకుంటోంది. ఆ మనిషి జన్మలో అంత కంగారు పడి ఎరగరు. ఆయన చొక్కాకున్నపాటి జ్ఞానమైనా ఆయనకి లేదే అనుకున్నాను. ఇంతలో దుప్పటి లేచి పక్కింటి బాల్కనీలోకి వెళ్ళింది. దుప్పటే వెళ్ళిపోతే క్రేన్ మాటేమిటి?

ఫోన్ తీసి ఉడతకి చేశాను. లాకరు మోగింది. మళ్ళీ చేశాను. లాకరు కూడా రాజర్షే, ఏం చేస్తాం! మా ఆయనకి చేశాను. షాపులో ఆయన "మోగుతోంది" అనడం ఇక్కడికి వినబడింది.

వాషింగ్ మిషనుకి మనసులో క్షమాపణ చెప్పుకుని, గొడుగు తీసుకుని బయల్దేరాను. వాన లేదు, ఎండ లేదు. గాలి ఉంది. గాలిలో గొడుగెందుకని మీరు అడగొచ్చు. బస్సులో నన్ను నేనూ అడిగాను.  చేతిలో ఏదో ఒకటి పట్టుకుని ఉంటే ఆపద కొంచెం ఆలోచిస్తుందని నా నమ్మకం.

సైటు గేటు దగ్గర కాపలా మనిషి, "ఎవరు కావాలమ్మా?" అని అడిగాడు. నేను ఆకాశం వైపు చూపించాను. అతను కంగారుపడి నన్ను ఎగాదిగా చూశాడు.

"పైన మా అమ్మాయి ఉంది బాబూ. క్రేన్‌లో."

"ఓ, ఆవిడా! పరీక్ష నడుస్తోందమ్మా. మాట్లాడ్డానికి కుదరదు."

"మాట్లాడను. ఊరికే చూసి వెళ్ళిపోతాను."

అతను మంచివాడు. నా నెత్తిన ఒక హెల్మెట్ పెట్టి, గేటు లోపల నేలమీద పసుపు రంగు గీతలు గీసిన చదరంలో నిలబెట్టాడు. బయటివాళ్ళు అక్కడే నిలబడాలట, అడుగు కదపకూడదట. హెల్మెట్ కనుబొమల మీదికి జారుతోంది. దాన్ని పైకి తోసుకుని చూశాను.

తల్లీ! ఎంత ఎత్తు! పొడుగాటి ఇనుప చెయ్యి. దాని మొదట్లో అగ్గిపెట్టెంత గాజు గది. అందులో నేను కన్నది. కింద నుంచి కాంక్రీటు నింపిన బకెట్ తాడుకి వేలాడుతూ మెల్లగా లేస్తోంది. పైఅంతస్తులో సిగ్నల్‌మ్యాన్ నిలబడి చేతులతో సైగలు చేస్తున్నాడు. ఆయన వేలు తిప్పితే బకెట్ లేస్తుంది, అరచెయ్యి చాపితే ఆగుతుంది. కన్నతల్లి మాట ఏనాడూ అంత శ్రద్ధగా వినలేదే అని చిన్న అసూయ కూడా కలిగింది.

చూశాను కదా. వెళ్ళిపోవాలి కదా. కానీ నేను వచ్చానని దానికి తెలిస్తే ధైర్యంగా ఉంటుందనిపించింది. నా రాక వల్ల ధైర్యం వచ్చిన మనిషి ఇంతవరకూ లేరు, అయినా అనిపించింది. చెయ్యి ఊపాను. చూడలేదు. అందుకని రెండు చేతులూ, గొడుగుతో సహా, తలపైకెత్తి అటూ ఇటూ గట్టిగా ఊపాను.

క్రేన్ ఆగిపోయింది.

బకెట్ గాల్లో ఒక్క ఊపు ఊగి నిలబడింది. కిందున్న మేస్త్రీలు తాపీలు పట్టుకుని పైకి చూశారు. పైనున్నవాళ్ళు కిందికి చూశారు.  నాకు అర్థమైపోయింది! ఏదో అయింది! నేను భయపడ్డదే అయింది! క్రేన్ చెడిపోయింది! దాంతో ఇంకా గట్టిగా ఊపాను.

మెట్ల మీదినుంచి సిగ్నల్‌మ్యాన్ ఒక్క పరుగున వచ్చాడు. "అమ్మగారూ! ఏమైంది? ఎవరికి తగిలింది?"

"అదే నేనడుగుతున్నా బాబూ! ఏమైంది? ఎందుకాగింది?"

"మీరే కదండీ ఆపారు!"

"నేనా? నాకు సైకిలాపడమే రాదు!"

అతని చేతిలో వాకీటాకీ గరగరమంది. ఉడత గొంతు. అంత ప్రశాంతమైన గొంతు దానికి ఉందని నాకు తెలీదు. "అన్నా, ఎవరు ఆపమన్నది?"

"గేటు దగ్గరమ్మా. ఎవరో పెద్దావిడ."

"చేతిలో గొడుగుందా?"

"ఉంది."

"వాన లేకపోయినా?"

"లేకపోయినా."

మళ్ళీ గరగర. తర్వాత, "మా అమ్మ" అని వినబడింది.

సిగ్నల్‌మ్యాన్ నా వైపు కొత్తగా చూశాడు. "అమ్మగారూ, చేతులు దించండి."

నా చేతులు ఇంకా పైనే ఉన్నాయని అప్పుడు తెలిసింది. దించుదామంటే రావు! దించితే ఆ బకెట్ కూడా దబ్బున కిందికొస్తుందేమోనని భయం.

"దించండమ్మా. సైగలన్నీ నేనే చెయ్యాలి, కానీ ఇదొక్కటి ఎవరు చేసినా ఆవిడ ఆపేయాలి. రెండు చేతులూ పైకెత్తి ఊపితే అర్జెంటుగా ఆపమని. చేతులు దించి, ఏం లేదని మీరు చెప్పేదాకా కదపకూడదు. రూలు."

"ఎవరు చేసినా?"

"దారిన పోయేవాళ్ళు చేసినా."

తెల్ల హెల్మెట్ పెట్టుకున్న పరీక్షాధికారి నింపాదిగా నడిచొచ్చాడు. "మేడమ్, ఎందుకు ఆపారు?"

"గాలండీ."

ఆయన వాకీటాకీ తీసుకున్నాడు. "పైన మీటరెంత చూపిస్తోంది?"

"లిమిట్ లోపలే ఉంది సార్" అంది ఉడత.

ఆయన నావైపు తిరిగాడు. "గాలి ఎక్కువైందని మీకెవరు చెప్పారు?"

"మా ఆయన చొక్కా అండీ."

ఆయన ఆ సమాధానాన్ని చేతిలో ఉన్న కాగితం మీద రాసుకున్నాడు.  దాని ఏడాది నా గొడుగు చివర వేలాడుతోందని నాకు అప్పుడు తెలిసొచ్చింది. కింద ఉంటేనే మేలని పొద్దున కోరుకున్నదాన్ని నేనే. కోరిక తీరబోతుంటే, "వద్దు వద్దు, దాన్ని పైనే ఉండనివ్వండి" అని లోపల్నుంచి ఒకటే గోల.

"బాబూ, తప్పు నాది. దాన్ని మాత్రం తప్పించకండి" అన్నాను. చేతులు ఎప్పుడు దిగిపోయాయో తెలీదు.

"పని మొదటినుంచి చేయాలి" అన్నాడాయన. "మీరు ఇక్కడే ఉండండి. గొడుగు మాత్రం నాకివ్వండి."

సిగ్నల్‌మ్యాన్ తిరిగి పైకెక్కాడు. బకెట్ కిందికొచ్చి మళ్ళీ లేచింది. పరీక్ష దానికా నాకా తెలియలేదు. ఖాళీ అయిపోయిన నా చేతులు వాటంతటవే పైకి లేవబోతుంటే రెండింటినీ ఒకదానితో ఒకటి గట్టిగా పట్టుకున్నాను. ఊపిరి తీస్తే గాలి ఎక్కువవుతుందేమోనని ఊపిరి కూడా దాచుకున్నాను. నూనె గిన్నె కుర్రాడికేం, వాడి గిన్నె వాడి చేతుల్లోనే ఉంది! నా గిన్నె ఆకాశంలో ఉంది, చేతులేమో కట్టేసున్నాయి. బకెట్ అలా తేలుతూ వెళ్ళి, పైఅంతస్తులో సిగ్నల్‌మ్యాన్ చూపించిన చోట, నిద్రపోతున్న పిల్లని మంచం మీద పడుకోబెట్టినట్టు దిగింది. చెంచాడు కాంక్రీటు కూడా ఒలకలేదు.

పరీక్షాధికారి గొడుగు తిరిగిచ్చాడు. "పాస్" అన్నాడు. "సడన్‌గా ఎవరైనా చెయ్యెత్తితే ఆపుతారా లేదా అని చూడ్డానికి ఏ పరీక్షలోనైనా నేనే ఒక మనిషిని పంపుతాను. ఇవాళ ఆ శ్రమ తప్పించారు. ఇంకెప్పుడూ తప్పించకండి."

ఉడత దిగి వచ్చేసరికి చాలాసేపు పట్టింది. ఆ నిచ్చెన గురించి నేనేమీ రాయను, రాస్తే బీపీ పెరుగుతుంది. ముఖమంతా చెమట, హెల్మెట్ చంకలో. తిడుతుందనుకుని ముందే తల దించుకున్నాను.

"ఒట్టేశావు కదమ్మా!"

"గాలి..."

"పైన మీటరుంది."

"మీటరుకి ఆత్రం ఉంటుందా?"

అది నవ్వు ఆపుకోలేకపోయింది. "అంతమందిలో నా పరువు తీశావు."

"చేతులెత్తింది నేనని తెలిసే ఆపావా?"

"అంత పైనుంచి ఎవరెవరో ఏం తెలుస్తుంది? చేతులు లేచాయి, ఆపాను. ఎవరని అడగడం తర్వాత."

పక్కనున్న సిగ్నల్‌మ్యాన్, "అమ్మగారూ, మీ సైగ మాత్రం పర్ఫెక్టుగా ఉందండీ. మా కుర్రాళ్ళు నెల రోజులు నేర్పినా అలా ఊపరు" అన్నాడు. నా జీవితంలో చదువుకి సంబంధించి నాకు దక్కిన మెచ్చుకోలు అదొక్కటే. గేటు మనిషికి మాత్రం నన్ను లోపలికి రానివ్వొద్దని ఆర్డరు వచ్చిందట. పేరు తెలియక గుర్తులు చెప్పారట: గొడుగు, కంగారు.

బస్సులో ఇంటికొస్తూ ప్రవచనంలో మిగిలిన భాగం విన్నాను. మళ్ళీ జనక మహారాజే. మిథిలా నగరం తగలబడిపోతోందని భటులు పరిగెత్తుకొచ్చి చెప్తే, మిథిల కాలినా అందులో నాదేదీ కాలడం లేదన్నాడట. ప్రవచనం వింటున్నవాళ్ళంతా చప్పట్లు. ప్రవచనకారుడి గొంతు గద్గదమైపోయింది.

నాకు మాత్రం వేరే సంగతి తట్టింది. నగరం అంతా ఒక్కసారి అంటుకోదు కదండీ! ముందు ఏదో ఒక వీధిలో, ఏదో ఒక ఇంట్లో, ఒక ఆడమనిషికి పొగ వాసన వచ్చే ఉంటుంది. ఆవిడ చెప్పే ఉంటుంది. మొగుడు, "నీకన్నీ అనుమానాలే" అని ఉంటాడు. ఎదురింటావిడ, "మొన్నా ఇలాగే అన్నావు" అని ఉంటుంది. వీధి చివర భటుడు, "రాజుగారు ధ్యానంలో ఉన్నారు, తర్వాత రా" అని ఉంటాడు. అలా అలా రాజుగారి దాకా వెళ్ళేసరికి, కాలడానికి ఆ ఒక్క సభే మిగిలి ఉంటుంది. ఆవిడ పేరు ఏ కథలోనూ లేదు. రాజుగారి వాక్యం మాత్రం అందరికీ కంఠతా వచ్చు!

నేను పదిసార్లు భయపడితే తొమ్మిదిసార్లు ఏమీ జరగదు. ఒప్పుకుంటాను. అలమర మేకు వదులైందని నేను మొత్తుకున్నప్పుడు అందరూ ఆ తొమ్మిదీ లెక్క చెప్పారు. పదోసారి అలమర వచ్చి టీవీ మీద పడింది. పడ్డాక, "నీ నోటి వల్లే" అన్నారు. క్రేన్ రూలు ఎంత బాగుందో చూడండి! చెయ్యెత్తిన మనిషి ఇదివరకెన్నిసార్లు పొరబడిందో అది అడగదు. చదువెంతని అడగదు. ముందు ఆగుతుంది. ఆ రూలు రాసినవాడెవరో గానీ, వాడింట్లో నాలాంటి తల్లి ఉండే ఉంటుంది. ఉంటుందేమిటి, వాడు ఆవిడ ఫోన్ ఎత్తే ఉంటాడు!

మర్నాడు ఉడత సొంత క్రేన్ ఎక్కడానికి బయల్దేరింది. ఒక బూటు వేసుకుని రెండోదాని తాడు కట్టుకుంటోంది. నేను వంటగది గుమ్మంలో నిలబడి ఉన్నాను. అనుకోకుండానే నా రెండు చేతులూ పైకి లేచాయి. అది టక్కున ఆగిపోయింది. తాడు చేతిలోనే ఉంది.

"ఏంటమ్మా?"

ఏం చెప్పాలి? గాలి లేదు. వాన లేదు. చెప్పవలసిన భయాలన్నీ వరుసలో నిలబడే ఉన్నాయి. కానీ అది అలా ఆగి, నా వంక చూస్తూ ఉండేసరికి ఒక్కటీ నోటికి రాలేదు.

"ఏం లేదు. వెళ్ళిరా."

"చేతులు దించు మరి. నువ్వు దించితే గానీ వెళ్ళకూడదు."

దించాను. వెళ్ళింది. ఆ రోజు సాయంత్రం దాకా దానికి ఫోన్ చేయలేదు. మీరు నమ్మకపోయినా నాకేం ఫరవాలేదు, మా ఆయనా నమ్మలేదు.

ఆ ధైర్యంతో ఈ రూలు ఇంటిల్లిపాదికీ పెట్టేశాను. రాత్రి భోజనాల దగ్గర వివరంగా చెప్పాను. ఎవరైనా రెండు చేతులూ పైకెత్తితే ఎవరి పని వాళ్ళు ఆపేయాలి, ఎందుకని తర్వాత అడగాలి. ఉడత తలూపింది. మా ఆయన కూడా ఊపారు. కాకపోతే అప్పుడాయన ఫోన్లో ఏదో పాట వింటున్నారు.

నిన్న సాయంత్రం స్టవ్ మీద నూనె మూకుడు పెట్టి, పక్కింట్లోంచి దుప్పటి తెచ్చుకుందామని బాల్కనీలోకి వెళ్ళాను. పక్కింటావిడతో ఒక మాటకి రెండు మాటలయ్యాయి. తిరిగొచ్చేసరికి వంటగదిలోంచి హాల్లోకి పొగ. ఆ పొగలోనే, సోఫాలో, మా ఆయన ఫోన్ చూసుకుంటూ కూర్చున్నారు. చేతిలో దుప్పటి అక్కడే పడేసి, ఆయన ఎదురుగా నిలబడి, సిగ్నల్‌మ్యాన్ మెచ్చుకున్న పద్ధతిలోనే, రెండు చేతులూ ఎత్తి అటూ ఇటూ ఊపాను.

ఆయన తలెత్తారు. నా వంక చూశారు. ఎన్నాళ్ళకి!

"భుజాలు పట్టేశాయా?" అన్నారు. "వేణ్ణీళ్ళ కాపడం పెట్టుకో."

మళ్ళీ ఫోన్లోకి వెళ్ళిపోయారు.

నేనే పరిగెత్తుకెళ్ళి స్టవ్ కట్టేశాను. మూకుడు మీద మూత పెట్టాను. కిటికీలన్నీ తెరిచాను. పొగ పోయాక వచ్చి చూస్తే, ఆహా, ఆయన ముఖంలో ఎంత ప్రశాంతత! రాజర్షులకే సాధ్యం. మరి ఉండదా? ఇల్లు కాలలేదు కదా.